కడప గాలిలో ఆమ్లం ఎంత? కొలవడం ఎలా, చేజారకుండా చూసుకోవడం ఎలా

మేం ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం గాలిలోని ఆమ్ల కణాలు కొలవడం మొదలుపెట్టినప్పుడు వరసగా పదకొండు రోజులు సున్నా వచ్చింది. సంతోషపడ్డాం కూడా. కడప గాలి బంగారం అనుకున్నాం. పన్నెండో రోజు మధ్యాహ్నం మేడ మీది నుంచి ఫిల్టర్ దింపుకుని ల్యాబ్ తలుపు తీశానో లేదో, ఘాటు ముక్కుకు తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్క గదిలో బీఎస్సీ పిల్లలు సాల్ట్ అనాలిసిస్ చేస్తున్నారు. మూడో గ్రూపు పరీక్ష. బల్ల బల్లకీ ఒక అమ్మోనియం హైడ్రాక్సైడ్ సీసా, సగం వాటికి మూతల్లేవు. మా ఫిల్టర్లు దాచే బీరువా ఆ రెండు గదులకూ మధ్య గోడకు ఆనుకుని ఉండేది. ఆ సీసాల నుంచి లేచిన అమ్మోనియా ఫిల్టర్ మీది ఆమ్లాన్ని తినేసింది. మాకు వచ్చిన సున్నాలు గాలివి కావు, బీరువావి.

ఈ పనిలో పరికరం కన్నా, లెక్క కన్నా, అమ్మోనియాతోనే ఎక్కువ పేచీ. అందులోనూ మన సీమలో దానికి తోడు సున్నపు దుమ్ము. ఈ రెండింటి నుంచీ ఫిల్టర్‌ను కాపాడుకుంటూ, చివరికి సున్నా వచ్చినా అది నిజం సున్నానో కాదో తేల్చుకునే పద్ధతి కింద రాస్తున్నాను. కెమిస్ట్రీ ల్యాబ్ అందుబాటులో ఉన్నవాళ్లకే ఇది పనికొస్తుంది. బజార్లో దొరికే చిన్న గాలి నాణ్యత మీటర్లు కణాల లెక్క చెబుతాయి గానీ, ఆ కణం ఆమ్లమో ఉప్పో మట్టో వాటికి తెలియదు.

మీరు కొలవబోయేది ఏమిటి

బొగ్గు, డీజిల్ కాలితే వాటిలోని గంధకం సల్ఫర్ డయాక్సైడ్ వాయువుగా పైకి పోతుంది. ఎండలోనూ మబ్బుల తేమలోనూ అది మెల్లగా సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారుతుంది. యాసిడ్ అయ్యాక వాయువుగా నిలవదు. కంటికి ఆనని సన్నని తుంపరలవుతుంది, ఎక్కువ భాగం 2.5 మైక్రాన్ల లోపే. వీటినే ఆమ్ల ఏరోసాల్ అంటారు. ఊపిరితిత్తుల లోతుల దాకా పోయేవి ఇవే.

ఈ తుంపరకు దారిలో అమ్మోనియా తగిలితే కథ మారుతుంది. ఒక సల్ఫ్యూరిక్ యాసిడ్ అణువుకు ఒక అమ్మోనియా అణువు కలిస్తే అమ్మోనియం బైసల్ఫేట్. ఆమ్లత్వంలో సగం పోయినట్టు. రెండోది కూడా కలిస్తే అమ్మోనియం సల్ఫేట్. అంటే ఎరువుల కొట్టులో సంచుల్లో అమ్మే ఉప్పే. దానిలో గంధకం అలాగే ఉంటుంది, ఆమ్లం మాత్రం దాదాపు ఉండదు. కాబట్టి సల్ఫేట్ కొలిచి ‘ఇంత ఆమ్లం ఉంది’ అని రాస్తే తప్పు. రెండు ఫిల్టర్ల మీద ఒకే సల్ఫేట్ ఉండి, ఒకదానిలో ఆమ్లం నిండుగా, ఇంకోదానిలో సున్నాగా ఉండొచ్చు. మీరు కొలవాల్సింది హైడ్రోజన్ అయాన్‌ని. వాన నీటి పీహెచ్ వేరు, సల్ఫర్ డయాక్సైడ్ వేరు, ఇది వేరు.

1952 డిసెంబరులో లండన్‌ను నాలుగైదు రోజులు కమ్మేసిన పొగమంచు సంగతి పర్యావరణం చదివినవాళ్లందరికీ తెలుసు. మొదట 4,000 మంది చనిపోయారన్నారు, తర్వాత వేసిన లెక్కల్లో అది 12,000 దాకా పోయింది. అప్పుడే అక్కడి ఎర్ల్స్ కోర్ట్‌లో పశువుల ప్రదర్శన జరుగుతోంది. పోటీకి తెచ్చిన ఖరీదైన పశువులు ఊపిరాడక అల్లాడాయి. పాక సరిగా శుభ్రం చేయని జీవాలకు మాత్రం పెద్దగా ఏమీ కాలేదు. మూత్రం నుంచి లేచిన అమ్మోనియా ఆ పాకలోని ఆమ్లాన్ని చంపేసి ఉంటుందని అప్పట్లో ఒక వివరణ ఇచ్చారు. మన ఫిల్టర్‌కు జరిగేది కూడా అదే. పశువుకు మేలు చేసిందే మనకు కీడు.

మన దేశంలో 2009లో ప్రకటించిన గాలి ప్రమాణాల్లో 12 కాలుష్యాలున్నాయి. సల్ఫర్ డయాక్సైడ్‌కు 24 గంటలకు ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములు, 2.5 మైక్రాన్ల కణాలకు 60, అమ్మోనియాకు 400. ఆమ్ల ఏరోసాల్‌కు అంటూ విడిగా గీత లేదు. గీత లేనప్పుడు మీ అంకెను ఎవరూ పాస్, ఫెయిల్ అనరు. అందుకే అది సరిగ్గా ఉండడం పూర్తిగా మీ పూచీ.

చోటు చూసుకోండి

చిమ్నీ పక్కన పెడితే ఎక్కువ ఆమ్లం దొరుకుతుందని అందరూ అనుకుంటారు. మేమూ అనుకున్నాం. కాదు. సల్ఫర్ డయాక్సైడ్ యాసిడ్‌గా మారడానికి టైమ్ పడుతుంది. పొడి గాలిలో, ఎండ వేళ, గంటకు నూటికి ఒకటో రెండో పాళ్ల చొప్పున మారుతుంది. కాబట్టి ఎర్రగుంట్ల, ముద్దనూరు మధ్య 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం గేటు దగ్గర మీకు వాయువు, బూడిద ఎక్కువ దొరుకుతాయి. ఆమ్ల కణాలు వెతకాలంటే గాలి వీచే దిక్కున కొన్ని పదుల కిలోమీటర్లు పోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు పడమటి, నైరుతి గాలులు. థర్మల్ కేంద్రం కడపకు వాయవ్యంగా ఉంది. గాలి పడమర నుంచో వాయవ్యం నుంచో వీచిన రోజుల్లో కడప ఊరి మేడలే మంచి చోటు. అక్టోబరు దాటాక ఈశాన్య గాలి మొదలవుతుంది, అప్పుడు లెక్క తిరగబడుతుంది. రోజూ గాలి దిక్కు రాసుకోకపోతే తర్వాత ఏ అంకెకూ అర్థం చెప్పలేరు.

చోటు దగ్గరికొస్తే, చుట్టూ అమ్మోనియా వదిలేవి ఏమున్నాయో ముందు ముక్కుతో చూడండి. పశువుల కొట్టం, పెంటదిబ్బ, సెప్టిక్ ట్యాంకు గొట్టం, కోళ్ల ఫారం, మగపిల్లల హాస్టల్ వెనక గోడ. చివరిదాని గురించి వివరించక్కర్లేదు. కేసీ కాలువ కింద వరి మడులకు యూరియా చల్లిన వారం పొలాల పక్కన పెడితే, మీరు ఆ యూరియానే కొలుస్తారు. బండల ఫ్యాక్టరీలు కూడా అంతే. బేతంచర్లలోనో ఎర్రగుంట్లలోనో పాలిష్ మిషన్ల నుంచి లేచే తెల్ల దుమ్మంతా సున్నపురాయే, ఆమ్లం తగిలిందంటే మింగేస్తుంది.

రెండు మూడంతస్తుల మేడ, గోడకు దూరంగా, గాలి పీల్చే మూతి మేడ నేల నుంచి మనిషి ఎత్తు పైన. నీళ్ల ట్యాంకు పక్కన వద్దు, కోతులు వచ్చే చోట అసలే వద్దు. మొదటి నెలలో మా పంపు వైరు రెండుసార్లు పీకేశాయి.

పరికరం: గాలి పోయే దారి

గాలి ఈ వరసలో పోవాలి. మొదట మూతి, తర్వాత పెద్ద కణాలను ఆపే ఇంపాక్టర్, ఆపైన అమ్మోనియాను తీసేసే డెన్యూడర్ గొట్టం, దాని వెనక టెఫ్లాన్ ఫిల్టర్, చివరన గాలి మీటరు, పంపు. నిమిషానికి 10 లీటర్లు లాగితే 24 గంటలకు 14.4 ఘనపు మీటర్లు.

ఇంపాక్టర్ అంటే గాలిని ఒక సన్న రంధ్రం నుంచి వేగంగా పంపి ఎదురుగా ఒక బిళ్ల పెట్టడం. గాలి పక్కకు తిరిగిపోతుంది, బరువైన కణం తిరగలేక బిళ్లకు కొట్టుకుంటుంది. 2.5 మైక్రాన్లకు మించినవన్నీ అక్కడే ఆగాలి. వేరే ఊళ్లలో దీన్ని అంతగా పట్టించుకోకపోయినా నడవొచ్చు. మన దగ్గర నడవదు. ఆమ్లం సన్న కణాల్లో ఉంటుంది, మన సున్నపు మట్టి దుమ్ము పెద్ద కణాల్లో ఉంటుంది. గాలిలో అవి విడివిడిగానే తిరుగుతాయి. రెండింటినీ తెచ్చి ఒకే ఫిల్టర్ మీద పడేస్తే అక్కడ కలుసుకుని సున్నా అవుతాయి. బిళ్ల మీద మినరల్ ఆయిల్ పూయాలి, లేకపోతే కణం బంతిలా ఎగిరి ముందుకే పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ప్రతి శాంపిల్‌కూ బిళ్ల మార్చండి. ఒకరోజు దాన్ని వేలితో తడిమి చూడండి. 24 గంటలకే ఇసుక కాగితంలా తగులుతుంది.

డెన్యూడర్ ఈ మొత్తంలో అందమైన వస్తువు. ఒకదానిలో ఒకటి పెట్టిన రెండు గాజు గొట్టాలు, మధ్యలో మిల్లీమీటరు సందు. ఆ సందు గోడలకు సిట్రిక్ యాసిడ్ పూత. గాలి నిదానంగా, సుడులు లేకుండా ఆ సందులో పోతుంటే అమ్మోనియా గోడకు అంటుకుంటుంది, కణం మాత్రం ముందుకు పోతుంది. అదెలా అని పిల్లలు అడుగుతారు. దేవుని కడప బ్రహ్మోత్సవాల్లో తేరు ఇరుకు వీధిలో పోతుంటే చూశారా? పిల్లలు నిమిషానికోసారి అటూ ఇటూ పరుగెత్తి అరుగుల మీద మిఠాయి బండ్ల దగ్గర ఆగిపోతారు. తేరు మాత్రం ఎటూ తిరగకుండా నేరుగా పోతుంది. వాయు అణువులు పిల్లలు, కణం తేరు. వీధి చివరికి వచ్చేసరికి తేరు వెనక పిల్లలు ఉండరు.

పూత వేయడం ఇలా. నూటికి ఒక పాలు సిట్రిక్ యాసిడ్ మెథనాల్‌లో కరిగించండి. గొట్టం ఒక వైపు మూసి, ద్రావణం పోసి, రెండో మూత పెట్టి, చపాతీ కర్ర తిప్పినట్టు నెమ్మదిగా దొర్లించండి. మిగిలింది వంపేసి, అమ్మోనియా లేని గాలితో ఆరబెట్టండి. అంటే గాలిని ముందు సిట్రిక్ యాసిడ్ పూసిన ఇంకో గొట్టం నుంచి పంపి తీసుకోవాలి. ఆరగానే రెండు వైపులా మూతలు. మెథనాల్ విషం, ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి. గాజు మీద పూత సన్నని మంచులా సమంగా కనిపించాలి. ఒకచోట చుక్కలు చుక్కలుగా ఉంటే గాజు సరిగా కడగలేదని అర్థం, మళ్లీ కడగండి.

నైట్రిక్ యాసిడ్ వాయువు, సల్ఫర్ డయాక్సైడ్ కూడా కొలవాలనుకుంటే దీనికి ముందు సోడియం కార్బొనేట్ పూసిన ఇంకో డెన్యూడర్ పెడతారు. ఆమ్ల కణాలు ఒక్కటే చాలనుకుంటే సిట్రిక్ యాసిడ్‌ది తప్పనిసరి.

ఫిల్టర్‌ను పసిబిడ్డలా చూసుకోండి

టెఫ్లాన్ ఫిల్టరే వాడాలి. మామూలు దుమ్ము శాంప్లర్లలో వాడే గ్లాస్ ఫైబర్ కాగితం తనే కాస్త క్షారం, పడ్డ ఆమ్లాన్ని అక్కడికక్కడే తినేస్తుంది. ఆ పెద్ద కాగితాల్లోంచి ముక్క కత్తిరించి పీహెచ్ చూశామని చెప్పేవాళ్లను నేను చూశాను. ఆ అంకెకు విలువ లేదు.

ఫిల్టర్ ఎక్కించడం, దించడం, దాచడం మొత్తం అమ్మోనియా లేని పెట్టెలో జరగాలి. గ్లవ్ బాక్స్ కొనే డబ్బు లేకపోతే అక్రిలిక్ షీట్‌తో చేయించుకోండి. రెండు చేతులకు రెండు రంధ్రాలు, వాటికి గ్లవ్స్. పెట్టెలోకి పోయే గాలి సిట్రిక్ యాసిడ్‌లో తడిపి ఆరబెట్టిన కాగితాల పొరల నుంచి రావాలి. లోపల అడుగున అదే కాగితం పరచండి. మేం చేయించింది కడప బస్టాండు దగ్గర ఫోటో ఫ్రేములు కట్టే షాపులో. ఆయనకు ఇది దేనికో అర్థం కాలేదు గానీ మూలలు మాత్రం పక్కాగా అతికించాడు.

ఫిల్టర్ మీద మాట్లాడకండి. మన ఊపిరిలోనే అమ్మోనియా ఉంటుంది. నోట్లోని బాక్టీరియా తయారుచేస్తుంది. మనుషులకు ఆమ్ల గాలి పీల్పించి చేసే వైద్య పరిశోధనల్లో ముందుగా నిమ్మరసంతో పుక్కిలించమంటారు, నోట్లో అమ్మోనియా తగ్గాలని. మీరు పుక్కిలించక్కర్లేదు, మాస్కు పెట్టుకుని నోరు మూసుకుంటే చాలు. బల్లను అద్దాలు తుడిచే ద్రావణంతో తుడవొద్దు, చాలా వాటిలో అమ్మోనియా ఉంటుంది. తల వెంట్రుకలకు రంగు వేసుకుని అదే పూట ల్యాబ్‌కు రావొద్దు, అందులోనూ ఉంటుంది. మా అటెండర్ ప్రతి రెండో ఆదివారం వేసుకునేవాడు. సోమవారం బ్లాంకులు (గాలి లాగకుండా ఉంచే ఫిల్టర్లు) ఎందుకు అలా వస్తున్నాయో తెలుసుకోవడానికి మాకు నెల పట్టింది.

దింపిన ఫిల్టర్‌ను పెట్రీ డిష్‌లో పెట్టి, సిట్రిక్ యాసిడ్ కాగితం ముక్కతో పాటు జిప్ కవర్లో వేసి, ఐస్‌ప్యాక్‌లున్న డబ్బాలో ల్యాబ్‌కు తీసుకెళ్లండి. కాగితం ఫిల్టర్‌కు తగలకూడదు. స్కూటర్ డిక్కీలో మాత్రం వద్దు. మేలో డిక్కీ లోపల ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు.

ఎంత గాలి పోయిందో తెలియాలి

మేడ మీద పెట్టాక, పంపు వేసి, మూతికి మూత బిగించండి. మీటరు సున్నాకు పడిపోవాలి. పడకపోతే ఎక్కడో లీకు ఉంది. సరిచూసుకున్న గాలి మీటరుతో మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అక్కడే, మేడ మీదే, రీడింగ్ తీసుకోండి. ఏసీ గదిలో సరిచూసిన రోటామీటరు 42 డిగ్రీల ఎండలో అదే మాట చెప్పదు. కరెంటు పోయిన టైమ్ తెలియడానికి గంటల మీటరు ఒకటి పెట్టాలి. రైతుల మోటారు స్టార్టర్ డబ్బాలు అమ్మే షాపుల్లో దొరుకుతుంది.

ఉదాహరణకు: మొదట నిమిషానికి 10.0 లీటర్లు, చివర 9.4, సగటు 9.7. పంపు నడిచింది 1,420 నిమిషాలు. మొత్తం 13.77 ఘనపు మీటర్లు. సగటు వేడి 38 డిగ్రీలు, గాలి పీడనం 742 మిల్లీమీటర్లు అనుకుందాం. దీన్ని 25 డిగ్రీలు, 760 మిల్లీమీటర్లకు మార్చాలి. 13.77ను 742తో గుణించి 760తో భాగించి, మళ్లీ 298తో గుణించి 311తో భాగిస్తే 12.9 వస్తుంది. ఈ సవరణ చేయకపోతే మన ఎండల్లో మీ లెక్క ఆరేడు శాతం తప్పుతుంది. మొదటికీ చివరికీ గాలి పదో వంతుకు మించి తగ్గితే ఆ శాంపిల్ పక్కన పెట్టేయండి. ఇంపాక్టర్ బిళ్ల దుమ్ముతో పూడిపోయి ఉంటుంది.

పీహెచ్ తీయడం

టెఫ్లాన్‌కు నీళ్లు అంటవు, తామరాకు లాంటిది. అందుకని ముందు కొన్ని చుక్కల ఇథనాల్ వేసి తడపాలి. ఆ తర్వాత 6 మిల్లీలీటర్ల పలచటి పెర్క్లోరిక్ యాసిడ్, కొంచెం పొటాషియం క్లోరైడ్ కలిపింది పోసి, మూత పెట్టి, అల్ట్రాసోనిక్ బాత్‌లో పావుగంట ఉంచండి. ఆమ్లం కొలవడానికి ఆమ్లంలోనే కరిగించడమేమిటని మా పిల్లలు ప్రతి ఏడూ అడుగుతారు. ద్రావణాన్ని ముందే పీహెచ్ 4 దగ్గర పెడితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగినా పీహెచ్ కదలదు, ఆర్గానిక్ బలహీన ఆమ్లాలు కూడా పెద్దగా విడిపోవు. బలమైన ఆమ్లం ఒక్కటే లెక్కకు వస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో నేరుగా కరిగిస్తే మీరు కార్బన్ డయాక్సైడ్‌ను కూడా కలిపి కొలుస్తారు. పొటాషియం క్లోరైడ్ అన్ని గిన్నెల్లోనూ ఉప్పు సాంద్రత ఒకేలా ఉంచి, ఎలక్ట్రోడ్‌ను నిలకడగా ఉంచుతుంది.

అసలు కష్టం ఇక్కడుంది. ఏమీ లేని ద్రావణం పీహెచ్ 4.10 అనుకోండి. శాంపిల్ ద్రావణం 3.98 చూపించింది. తేడా 0.12 మాత్రమే. 4.10 అంటే 6 మిల్లీలీటర్లలో సుమారు 477 నానోమోల్‌ల హైడ్రోజన్ అయాన్, 3.98 అంటే 628. తేడా 151. ఇందులో బ్లాంక్ ఫిల్టర్లు సగటున 12 ఇచ్చాయనుకుంటే మిగిలింది దగ్గర దగ్గర 140. 12.9తో భాగిస్తే ఘనపు మీటరుకు 10.8 నానోమోల్‌లు. సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా చెప్పాలంటే ఒక మైక్రోగ్రాముకు 20.4 నానోమోల్‌లు, కాబట్టి 0.53 మైక్రోగ్రాములు.

ఇప్పుడు మీటరు 3.98 బదులు 3.96 చూపించిందనుకోండి. రెండు వందో వంతుల తేడా. జవాబు 13.1 నానోమోల్‌లు అవుతుంది. అంటే ఐదో వంతు తప్పు. మామూలు ల్యాబ్ పీహెచ్ మీటర్లు రెండో దశాంశం దగ్గర ఊగిసలాడుతుంటాయి. మూడో దశాంశం చూపించే మీటరు, లేదా మిల్లీవోల్టుల్లో చదివేది కావాలి. పైగా పై లెక్క అర్థం కావడానికి చెప్పింది మాత్రమే. పనిలో నేరుగా పీహెచ్ నుంచి లెక్క కట్టకండి. అదే ద్రావణంలో తెలిసిన సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపి ఐదారు స్టాండర్డ్‌లు తయారుచేసుకుని, గీత గీసి, దాని మీద మీ శాంపిల్ ఎక్కడ పడుతుందో చూడండి. స్టాండర్డ్, శాంపిల్, ఎలక్ట్రోడ్ అన్నీ ఒకే వేడిలో ఉండాలి. మధ్యలో కరెంటు పోయి ఏసీ ఆగితే మళ్లీ మొదటి నుంచి చేయండి. టెన్షన్ పడి తొందరగా ముగించిన రోజే రెండోసారి చేయాల్సి వస్తుంది.

ప్రతి ఐదో శాంపిల్ తర్వాత ఒక స్టాండర్డ్ మళ్లీ పెట్టి చూడండి. ఎలక్ట్రోడ్ ఎటు జారిపోతోందో తెలుస్తుంది. ద్రావణాలున్న గదిలో అమ్మోనియా సీసా ఉండకూడదని మళ్లీ చెప్పాలా?

సున్నా వస్తే

వస్తుంది. మన ప్రాంతంలో చాలా రోజులు నిజంగానే సున్నా వస్తుంది. మన బొగ్గులో బూడిద ఎక్కువ గానీ గంధకం నూటికి అర పాలు అటూ ఇటూ. పశువులున్నాయి, యూరియా ఉంది, గాలినిండా సున్నపు మట్టి ఉంది. ఆమ్లం నిలవడానికి చోటు తక్కువ. కాబట్టి ఇక్కడ పరిశోధన చేసేవాడు సున్నాను నిరూపించడం నేర్చుకోవాలి.

మూడు రకాల సాక్షులను పెట్టుకోండి. మొదటిది ఫీల్డ్ బ్లాంక్. మిగతా ఫిల్టర్లతో పాటే మేడ ఎక్కి, పరికరంలో బిగించుకుని, గాలి లాగకుండా దిగివచ్చే ఫిల్టర్. ప్రతి పదింటికి రెండైనా పెట్టండి. వాటి అంకెలు ఎంత చెల్లాచెదురుగా ఉంటాయో దానికి మూడు రెట్ల లోపు వచ్చే ఏ ఫలితాన్నీ అంకెగా రాయకండి, ‘కొలిచే హద్దు కన్నా తక్కువ’ అని రాయండి.

రెండోది తెలిసిన ఆమ్లం వేసిన ఫిల్టర్. 200 నానోమోల్‌ల హైడ్రోజన్ అయాన్‌కు సరిపడా పలచటి సల్ఫ్యూరిక్ యాసిడ్ ద్రావణాన్ని మైక్రోపిపెట్‌తో శుభ్రమైన ఫిల్టర్ మీద చుక్కగా వేసి, పెట్టెలోనే ఆరబెట్టి, బ్లాంక్‌లాగే మేడ ఎక్కించి దింపండి. తిరిగి వచ్చినప్పుడు 180 దాటి ఉండాలని నేను పట్టుబడతాను. అదే ఫిల్టర్ 60కి పడిపోయిందంటే ఆ వారం శాంపిల్స్ అన్నీ అనుమానమే. మా పదకొండు రోజుల సున్నాల్లో ఈ సాక్షి ఒక్కటి ఉండి ఉంటే మొదటి రోజే పట్టుబడేవాళ్లం.

మూడోది అయాన్ క్రోమటోగ్రఫీ, అంటే ద్రావణంలో ఏ అయాన్ ఎంతుందో విడదీసి చెప్పే పరీక్ష. మీ దగ్గర లేకపోతే యూనివర్సిటీకి పంపండి. మిగిలిన ద్రావణంలో సల్ఫేట్, నైట్రేట్, అమ్మోనియం, కాల్షియం చూడమనండి. సల్ఫేట్ ఒక మోల్‌కు రెండు చార్జీలు. ఫిల్టర్ మీద ప్రధానంగా సల్ఫేటే ఉంటే, హైడ్రోజన్, అమ్మోనియం కలిపి ఆ రెండింటికి దగ్గరగా రావాలి. ఇక చదవడం ఇలా: అమ్మోనియం మోల్‌లు సల్ఫేట్ మోల్‌లకు రెండు రెట్లుండి, తెలిసిన ఆమ్లం వేసిన ఫిల్టర్ క్షేమంగా తిరిగివస్తే, ఆమ్లం గాలిలోనే ఉప్పుగా మారిందని అర్థం. అది నిజం సున్నా. ఆ ఫిల్టర్ కూడా దెబ్బతిని ఉంటే సున్నా మీ చేతిది. కాల్షియం ఎక్కువ కనిపిస్తే ఇంపాక్టర్ పెద్ద దుమ్మును వదిలేస్తోంది, బిళ్ల మీద ఆయిల్ చూడండి. సల్ఫేటే లేకపోతే ఆరోజు గాలి వేరే దిక్కు నుంచి వచ్చి ఉంటుంది, మీ రిజిస్టర్‌లో గాలి దిక్కు తీసి చూడండి.

వీలైతే శాంపిల్‌ను పగలు, రాత్రిగా విడదీయండి. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా ఒకటి, రాత్రికి ఇంకోటి. ఎండలో ఆమ్లం తయారవుతుంది, పైపొరల గాలి కిందికి కలుస్తుంది. రాత్రి నేలకు దగ్గరగా గాలి కదలదు, ఊరి అమ్మోనియా అంతా అక్కడే నిలుస్తుంది. 24 గంటల సగటులో కనిపించకుండా పోయే ఆమ్లం పగటి ఫిల్టర్ మీద కనిపించవచ్చు. అనంతపురంలో ఇస్రోతో కలిసి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగం చాలా ఏళ్లుగా ఏరోసాల్ కొలతలు తీసుకుంటోంది. ఈ ప్రాంతపు దుమ్ము, పొగ నెలనెలా ఎలా మారతాయో ఆ విభాగం పరిశోధన పత్రాల్లో చూసి, మీ శాంపిల్ రోజులు ఎంచుకోండి.

ఫలితం రాసేటప్పుడు అంకె పక్కన పగలో రాత్రో, ఎన్ని ఘనపు మీటర్లో, గాలి దిక్కు, ఆ వారం బ్లాంక్ సగటు, తెలిసిన ఆమ్లంలో ఎంత తిరిగొచ్చిందో రాయండి. డెన్యూడర్‌ను ప్రతి శాంపిల్‌కూ కడిగి మళ్లీ పూత వేయండి. కడిగిన నీళ్లు పారబోయకుండా అందులో అమ్మోనియం చూస్తే ఆరోజు గాలిలో అమ్మోనియా ఎంతో కూడా ఉచితంగా తెలిసిపోతుంది.

మా బీరువా ఆ తర్వాత పై అంతస్తుకు మారింది. పాత రిజిస్టర్‌లో ఆ పదకొండు సున్నాలూ ఎర్ర ఇంకుతో కొట్టేసి, వాటి పక్కన ‘కొలవలేదు’ అని రాసి సంతకం పెట్టాం.